సెవెన్ సీటర్ టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లే ముందు

• లైసెన్స్ జేబులో పెట్టుకోండి, లేకపోతే స్టీరింగ్ ఇవ్వరు.

• ఒక్కళ్లే వెళ్లొద్దు. ఇంట్లో పొడుగ్గా ఉన్నోళ్లని మూడో వరుసలో కూర్చోబెట్టండి, మోకాళ్లు గడ్డానికి తగుల్తుంటే ఇంక ఆ సీట్లు పిల్లలకే, పైగా మూడు వరుసలూ లేపి ఉంచి డిక్కీలో మీ సూట్‌కేస్ పడుతుందో లేదో కూడా చూడండి (చాలావాటిల్లో పట్టదు).

• షోరూమ్ వాళ్లు ఖాళీ రోడ్డు మీద ఓ రౌండ్ కొట్టించి అయిపోయిందంటారు, ఒప్పుకోకండి. సాయంత్రం అమీర్‌పేట ట్రాఫిక్‌లో, తర్వాత ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద నడపాలి, అందరూ ఎక్కి ఏసీ ఫుల్లుగా ఉన్నప్పుడు ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజిన్ అరుస్తుందా వినండి. ఓఆర్ఆర్ లిమిట్ ఫాస్ట్ లేన్లలో 120, మిగతావాటిల్లో 80, దాటొద్దు.

• మైలేజ్ రీడింగ్ బయల్దేరే ముందు జీరో చేయించండి. ఏఆర్ఏఐ (బండ్లని టెస్ట్ చేసే సంస్థ) మైలేజ్ నంబర్ ల్యాబ్‌లోది, ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్‌కి (పెట్రోల్ ఇంజిన్‌తో పాటు బ్యాటరీ మోటార్ ఉండేది) చెప్పే లీటరుకి 23.24 కి.మీ. కూడా అంతే. హైబ్రిడ్ లాభం సిటీలో ఆగుతూ పోతున్నప్పుడే బాగా కనిపిస్తది, ఎందుకంటే బ్రేక్ వేసినప్పుడల్లా బ్యాటరీ ఛార్జ్ అవుతది.

• అడాస్ (లేన్ దాటితే హెచ్చరించి, అవసరమైతే తనే బ్రేక్ వేసే సిస్టమ్) కెమెరాకి లేన్ గీతలు కనపడాలి, మన గల్లీల్లో అవెక్కడివి! ఆటో బ్రేక్ పనిచేస్తుందా అని ముందు బండి మీదికి పోనివ్వడం మాత్రం వద్దే వద్దు.

• దిగే ముందు మీ ఫోన్‌ని కారు బ్లూటూత్ లిస్టులోంచి డిలీట్ చేయండి, కాంటాక్ట్స్ అందులోనే ఉండిపోతాయ్.