మెచ్చుకోళ్లు అన్నీ మనకే, ప్రమోషన్ మాత్రం పక్కవారికి: లోపం ఎక్కడ?

సమస్య: ఏడాది పొడవునా "చాలా బాగా చేశారు" అన్నారు. ఏడాది పనితీరును తూచే అప్రైజల్‌లో మాత్రం సగటు రేటింగ్ వచ్చింది.

కారణం: చాలా పెద్ద కంపెనీల్లో రేటింగ్ మీ మేనేజర్ ఒక్కరి చేతిలో ఉండదు. మేనేజర్లంతా కూర్చుని తమ టీంలను పక్కపక్కన పెట్టి పోలుస్తారు. అమెరికా కంపెనీ జనరల్ ఎలక్ట్రిక్‌లో దాని అధిపతి జాక్ వెల్చ్ ఉద్యోగులను పనితీరును బట్టి పైన 20, మధ్యలో 70, అడుగున 10 శాతంగా విడదీసిన పద్ధతి చాలా చోట్లకు పాకింది. మైక్రోసాఫ్ట్ అలాంటి పద్ధతిని 2013లో వదిలేసింది. అయితే పద్ధతి పోయిన చోట కూడా జీతాల పెంపుకు ఇచ్చే డబ్బు పరిమితమే కాబట్టి పోలిక తప్పదు.

అలాంటి సమావేశంలో నేనూ కూర్చున్నాను. ఒక్కో పేరుకు రెండు నిమిషాలు కూడా దక్కలేదు. ఒక అమ్మాయి పేరు రాగానే ఆమె మేనేజర్ "బాగా కష్టపడుతుంది" అని ఊరుకున్నారు. తరువాతి అబ్బాయి గురించి "రాత్రిపూట బిల్లింగ్ ఆగిపోయే సమస్యను మార్చిలో మూలంతో సహా తీసేశాడు, మళ్లీ క్లయింటు నుంచి ఫిర్యాదు రాలేదు" అన్నారు. పై రేటింగ్ అతనికి వెళ్లింది. ఆ పనిలో సగం ఆ అమ్మాయిదేనని నాకు తరువాత తెలిసింది. ఇప్పటికీ అది నన్ను బాధిస్తుంది.

పరిష్కారం: ఆ గదిలో మేనేజర్ చెప్పాల్సిన మాటను మీరే ముందుగా అందించండి. ప్రతి శుక్రవారం పది నిమిషాలు కూర్చుని ఏం చెడిపోయింది, మీరేం చేశారు, దానివల్ల ఏం మారింది అన్నవి తేదీతో రాసుకోండి. రేటింగ్‌లు తేలడానికి నెల ముందే అందులో ముఖ్యమైన మూడింటిని మెయిల్ చేయండి. "నివేదికల పని చూశాను" అని రాస్తే ఎవరికీ గుర్తుండదు. "ఆరు గంటలు పట్టే నెలాఖరు నివేదిక ఇప్పుడు నలభై నిమిషాల్లో వస్తోంది" అని రాయండి. "ప్రమోషన్ ఎప్పుడు?" అని అడిగితే "చూద్దాం" అంటారు. "పై స్థాయి పనుల్లో నేను ఇంకా చేసి చూపించనిది ఏది?" అని అడగండి. వచ్చిన జవాబును అదే రోజు మెయిల్‌లో పెట్టండి.

సమస్య: నిన్న చేరిన వారికి అదే పనికి మీకంటే ఎక్కువ జీతం.

కారణం: బయటివారికి మార్కెట్ ధర, లోపలివారికి పాత జీతం మీద కొంత శాతం.

పరిష్కారం: సహోద్యోగి పేరు ఎత్తకండి. మీ స్థాయి జీతాల శ్రేణిలో మీరు ఎక్కడ ఉన్నారో హెచ్‌ఆర్‌ను అడగండి. నిజంగా వెళ్లే ఉద్దేశం లేనప్పుడు బయటి ఆఫర్ చూపి బెదిరించవద్దు.

సమస్య: ప్రసూతి సెలవు ముగించుకుని వచ్చేసరికి రేటింగ్ పడిపోయింది.

కారణం: ఆరు నెలల పనిని ఇతరుల పన్నెండు నెలల పనితో తూచడం. ఇది అన్యాయం, మొహమాటం లేకుండా చెప్పాల్సిన అన్యాయం. మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల వేతన సెలవు 2017 నుంచి చట్టం ఇచ్చిన హక్కు. ఆ సెలవులో ఉండగా ఆమెకు నష్టం కలిగేలా ఉద్యోగ షరతులను మార్చడాన్నీ చట్టం ఒప్పుకోదు.

పరిష్కారం: పనిచేసిన నెలల పనితోనే రేటింగ్ ఇవ్వాలని హెచ్‌ఆర్‌కు రాతపూర్వకంగా అడగండి. సెలవుకు ముందే, అప్పటివరకు చేసిన పనుల జాబితాను మేనేజర్‌కు, హెచ్‌ఆర్‌కు కలిపి మెయిల్ చేసి వెళ్లండి. మీరు తిరిగి వచ్చేసరికి ఆ కుర్చీలో వేరే మేనేజర్ ఉండవచ్చు.