చిన్న హాలు, మంచి ధ్వని – 3వ పాఠం: నాట్య ప్రదర్శనకు స్పీకర్ల ఎంపిక

గత పాఠం చివర ఇచ్చిన పని చేసే ఉంటారు. హాలు పొడవు, వెడల్పు కొలవడం, వేదిక మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టి మోత ఎంతసేపు నిలుస్తుందో వినడం, స్పీకర్లు పెట్టబోయే చోటు నుంచి చివరి వరుస కుర్చీ దాకా ఎన్ని మీటర్లో రాసుకోవడం. ఆ చివరి అంకెతో ఈరోజు చాలా పని ఉంది, కాగితం దగ్గర పెట్టుకోండి.

ఒక హాలును ఉదాహరణగా తీసుకుందాం. కాలనీ కమ్యూనిటీ హాలు, పొడవు 12 మీటర్లు, వెడల్పు 8. కింద టైల్స్, పైన స్లాబు. వంద ప్లాస్టిక్ కుర్చీలు పడతాయి. కూచిపూడి నేర్చుకుంటున్న పిల్లల ప్రదర్శన. పాటలు రికార్డు చేసినవే. గురువుగారు వేదిక పక్కన కూర్చుని తాళం వేస్తూ మైకులో జతులు, అంటే తాళానికి పలికే అక్షరాలు, చెబుతారు. స్పీకర్ల నుంచి చివరి కుర్చీ 10 మీటర్లు. చేతిలో డబ్బు తక్కువ. ఏం కొనాలి?

దుకాణంలోకి వెళ్లగానే వాట్ల మాట మొదలవుతుంది. పెట్టె మీద 1000 వాట్లు అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. అది సాధారణంగా క్షణకాలం మాత్రమే అందే గరిష్ఠ శక్తి. నిలకడగా ఇచ్చే శక్తిని ఆర్ఎంఎస్ అనో కంటిన్యూయస్ అనో చిన్న అక్షరాల్లో వేస్తారు. అది పైఅంకెలో సగం ఉండవచ్చు, ఇంకా తక్కువ కూడా ఉండవచ్చు. పీఎంపీఓ అని కనిపిస్తే ఆ అంకెను వదిలేయండి. అందరూ ఒప్పుకున్న కొలత పద్ధతి దానికి లేదు.

మనం అడగాల్సిన అంకె వేరు. దాని పేరు సెన్సిటివిటీ. స్పీకరుకు ఒక్క వాటు ఇచ్చి, ఒక మీటరు దూరంలో కొలిస్తే ఎన్ని డెసిబెల్స్ (ధ్వని ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) వస్తాయో చెప్పేది అదే. దీన్ని వాడటానికి రెండు సూత్రాలు గుర్తుంటే చాలు. శక్తి రెట్టింపైతే 3 డెసిబెల్స్ పెరుగుతాయి, పది రెట్లయితే 10. దూరం రెట్టింపైతే 6 తగ్గుతాయి, పది రెట్లయితే 20.

ఇప్పుడు లెక్క వేద్దాం. సెన్సిటివిటీ 96 ఉన్న స్పీకరు తీసుకోండి. 10 మీటర్ల దూరానికి 20 పోతే మిగిలేది 76. దానికి 100 వాట్లు ఇస్తే 20 కలిసి మళ్లీ 96. రెండు స్పీకర్లు కాబట్టి ఇంకో 3 వేసుకుంటే 99. గోడల నుంచి తిరిగొచ్చే ధ్వని కూడా కొంత కలుస్తుంది కానీ దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. చివరి వరుసలో పాట సగటున 80 నుంచి 85 డెసిబెల్స్ వినిపిస్తే నాట్యానికి హాయిగా ఉంటుంది. మృదంగం దెబ్బలు, తాళం మోతలు సగటు మీద ఇంకో 12, 15 లేస్తాయి. అంటే 99 సరిపోయింది. నిజమైన 100 వాట్లతోనే పని జరిగింది.

అదే సెన్సిటివిటీ 88 ఉన్న స్పీకరైతే? 8 డెసిబెల్స్ లోటు పూడ్చడానికి ఒక్కోదానికి సుమారు 630 వాట్లు కావాలి. చవక స్పీకరులోని కాయిల్, అంటే లోపలి తీగచుట్ట, అంత శక్తిని ఎక్కువసేపు తట్టుకోలేదు. అందుకే ఎక్కువ వాట్ల పెట్టె పక్కన తక్కువ వాట్ల పెట్టె పెట్టి విన్నప్పుడు రెండోదే గట్టిగా మోగడం మామూలే.

లోపలే ఆంప్లిఫయర్ ఉండే యాక్టివ్ స్పీకర్లకు సెన్సిటివిటీ ఇవ్వరు. గరిష్ఠ ధ్వని స్థాయి ఇస్తారు. మాక్స్ ఎస్‌పీఎల్ 125 అని ఉందనుకోండి, నేనైతే అందులోంచి 6 తీసేసి లెక్క మొదలుపెడతాను. ఆ అంకెను చాలాసార్లు కొలవరు, లెక్కగట్టి వేస్తారు. 119లోంచి దూరానికి 20 తీస్తే 99. ఇదీ మన హాలుకు చాలు. కొత్తగా మొదలుపెట్టేవారికి యాక్టివ్ స్పీకర్లే నా సలహా. ఆంప్లిఫయరుకూ స్పీకరుకూ జత కుదర్చడం కంపెనీవాళ్లే చేసి ఉంటారు, మోసుకెళ్లే సామానూ తగ్గుతుంది.

ఇక సైజు. డబ్బు తక్కువ ఉన్నవాళ్లను 15 అంగుళాల పెట్టె ఊరిస్తుంది. పెద్దది కదా, బేస్ బాగుంటుందని. కానీ లోపల కదిలి ధ్వని పుట్టించే గుండ్రటి కోన్ ఎంత పెద్దదైతే పైస్వరాలు అంత సన్నని దారిలో, నేరుగా ముందుకే వెళ్తాయి. 15 అంగుళాల కోన్‌కు సుమారు 900 హెర్ట్జ్ (సెకనుకు 900 కంపనాలు) దాటినప్పటి నుంచి ఈ ఇబ్బంది మొదలవుతుంది. చవక పెట్టెల్లో పైస్వరాల కోసం పైన ఉండే హారన్ పని అందుకునేది ఆ తర్వాత ఎక్కడో. ఈ మధ్య భాగంలోనే గొంతులోని స్పష్టత చాలావరకు ఉంటుంది. ఫలితంగా ఎదురుగా కూర్చున్నవారికి సాహిత్యం అర్థమవుతుంది, పక్కలకు కూర్చున్నవారికి గొణుగుడు వినిపిస్తుంది. 8 మీటర్ల వెడల్పు హాలులో పక్కలకు కూర్చునేవారే సగం మంది. అదే ధరలో చవక 15 కన్నా మంచి 10 అంగుళాల స్పీకరు ఎప్పుడూ మేలు. చేయి కొంచెం ఆడితే 12. అంతకు మించి ఈ హాలుకు అవసరం లేదు.

సబ్‌వూఫర్ గురించి అడుగుతారు. మృదంగం, వీణ, వేణువు, గాత్రం ఉన్న పాటలకు అక్కర్లేదు. సినిమా పాటలకో, డప్పు మోతతో సాగే జానపద నృత్యాలకో అయితే ఒకటి అద్దెకు తెచ్చుకోవచ్చు. 50 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. ఇలాంటి హాలులో అది ఒకచోట గుమ్మని మోగి, నాలుగడుగులు వేసేసరికి మాయమవుతుంది. దాని మీద పెట్టే డబ్బుకు ఇంతకన్నా మంచి ఉపయోగం ఉంది, ఇప్పుడు దానికే వస్తున్నాను.

స్పీకర్లను వేదికకు ముందు, ప్రేక్షకుల వైపు తిప్పి పెడతాం. నాట్యం చేసే పిల్లలు వాటి వెనక ఉంటారు. తక్కువ స్వరాలు పెట్టె చుట్టూ వ్యాపిస్తాయి కాబట్టి వాళ్లకు బేస్ చేరుతుంది. తాళాల మోత, జతుల్లోని అక్షరాలు, అంటే అడుగుకు ఆధారమైనవన్నీ ముందుకు వెళ్లిపోతాయి. అవి ప్రేక్షకుల వెనక ఉన్న గోడకు తగిలి తిరిగి వేదికకు రావాలి. పోనూ రానూ 24 మీటర్లు అనుకుందాం. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది కాబట్టి 70 మిల్లీసెకన్లు పడుతుంది. అదెంత అని తీసిపారేయకండి. నిమిషానికి 100 దెబ్బల నడకలో దెబ్బకు నాలుగు అక్షరాలు పడితే ఒక్కో అక్షరానికి దక్కేది 150 మిల్లీసెకన్లే. పిల్లకు తాళం దాదాపు సగం అక్షరం ఆలస్యంగా వినిపిస్తోందన్నమాట. చెవిని నమ్మి అడుగు వేస్తే తాళం తప్పుతుంది, ప్రదర్శన అయ్యాక మందలింపులు తింటుంది. ఏళ్ల తరబడి సాధన చేసిన పిల్ల ఒక పెట్టె పెట్టిన దిక్కు వల్ల మాట పడటం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

దీనికి మందు చిన్నదే. 8 అంగుళాల స్పీకరు ఒకటి వేదిక పక్క తెర దగ్గర, నాట్యం చేసేవారి వైపు తిప్పి, తక్కువ శబ్దంతో పెట్టండి. బేస్ బాగా తగ్గించి, తాళం స్పష్టంగా వినిపించేలా ఉంచితే చాలు. అది గురువుగారి మైకు వైపు చూడకూడదు, చూస్తే కూత పెడుతుంది. డబ్బంతా రెండు పెద్ద పెట్టెల మీద పోసే బదులు, ముందుకు రెండు పదులు, వేదికకు ఒక ఎనిమిది కొనండి. ఈ పాఠంలో ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే ఇది గుర్తుపెట్టుకోండి.

మైకు సెట్టు దుకాణాల్లో చవకగా దొరికే హారన్ యూనిట్లు, కాలమ్ స్పీకర్లు ప్రసంగాలకు తయారైనవి. మాట బాగా పలుకుతాయి, మృదంగం ఎడమ వైపు మోతను పూర్తిగా మింగేస్తాయి. వద్దు.

వాడిన స్పీకర్లు కొనేవారు ముందు జాలీ తీయించండి. అరచేతిని కోన్ మీద ఆనించి, అన్ని వైపులా సమానంగా మెల్లగా నొక్కండి. లోపల గీసుకుంటున్నట్టు అనిపిస్తే కాయిల్ దెబ్బతిన్నట్టే. తర్వాత శబ్దం బాగా తగ్గించి హారన్ దగ్గర చెవి పెట్టండి, తాళాల సన్నని మోత అక్కడ వినిపించాలి. వినిపించకపోతే పైస్వరాలిచ్చే డ్రైవరు కాలిపోయి ఉండవచ్చు.

కొత్తదైనా పాతదైనా మీ పాటతోనే వినండి. దుకాణంవారు వేసే పాట ఆ పెట్టెకు నప్పేదే అయి ఉంటుంది. వాట్సాప్‌లో చేతులు మారిన ఫైలు కాకుండా, రికార్డింగ్ స్టూడియో ఇచ్చిన అసలు ఫైలు తీసుకెళ్లండి. బ్లూటూత్ కాదు, తీగతో కలపండి. ఎదురుగా కాసేపు విని, పక్కకు నడవండి, సాహిత్యం అలాగే అర్థమవుతోందా? శబ్దం పెంచండి, తాళాలు గణగణమంటున్నాయా, చెవిలో గుచ్చుకుంటున్నాయా? చివరికి పాట ఆపి వినండి. బుస్సుమనే శబ్దం మూడు మీటర్ల దూరానికీ చేరితే ఆ స్పీకరు నాట్యానికి తగదు. అభినయంలో నిశ్శబ్దం కూడా కావాలి.

ఇంకో పరీక్ష ఉంది. ఒక విద్యార్థిని గజ్జెలు కట్టుకుని వేదిక మీద నాలుగు అడుగులు వేయమనండి. చివరి వరుసలో గజ్జెల మోత పాటలో మునిగిపోతే శబ్దం ఎక్కువైనట్టే. పళ్లెం మీద నిలబడి ఆడే కూచిపూడి తరంగంలో ఆ పళ్లెం అంచు నేలను తాకే చప్పుడూ అంతే. అవి స్పీకర్లలోంచి రావు. వాటికి చోటు వదలాలి.

ఏడాదికి ఒకటో రెండో ప్రదర్శనలైతే కొనకండి, అద్దెకు తీసుకోండి. రెండేళ్ల అద్దె కొత్త వాటి ధరను దాటేలా ఉంటే అప్పుడు కొనడం గురించి ఆలోచించండి.

అభ్యాసం. మీ హాలులో చివరి కుర్చీ 20 మీటర్ల దూరంలో ఉందనుకోండి. సెన్సిటివిటీ 94 ఉన్న రెండు స్పీకర్లకు ఒక్కోదానికి 200 వాట్లు ఇస్తే అక్కడికి ఎన్ని డెసిబెల్స్ చేరతాయి? 1 నుంచి 10 మీటర్లకు 20, 10 నుంచి 20 మీటర్లకు ఇంకెంతో పై సూత్రాల్లోంచే తీయండి. జవాబు 94 రావాలి. సరిపోదు కాబట్టి వాట్లు పెంచడం, ఇంకో జత స్పీకర్లను హాలు మధ్యలో పెట్టడం, ఈ రెండింటిలో ఏది మేలో కారణంతో సహా రాసుకోండి. 4వ పాఠం స్టాండ్లు, ఎత్తులు, కేబుళ్ల గురించి. అక్కడ మొదట ఈ జవాబులే చూస్తాం.