లాబ్రడార్‌ను జత కట్టించే ముందు

మొదటిసారి ఎదకు రాగానే తొందరపడకండి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతులకు 2 ఏళ్లు నిండాలి.

తుంటి కీళ్ల ఎక్స్‌రే ఆడదానికీ మగదానికీ తీయించాలి. "మాది బాగానే పరిగెత్తుతుంది కదా" అంటారు. కీలు వదులుగా ఉన్న కుక్క కూడా చిన్న వయసులో పరిగెత్తుతుంది, ఆ లోపం మాత్రం పిల్లలకు దిగవచ్చు. ఏడాది పిల్ల లేవలేక మూలగడం చూస్తే ఈ ఖర్చుకు ఎవరూ వెనకాడరు.

బ్రూసెల్లా (కడుపు పోయేలా చేసే అంటు రోగం) రక్తపరీక్ష, టీకాలు, నట్టల మందు జతకు ముందే అయిపోవాలి.

నెల లెక్క వేసుకోండి. చూలు సుమారు 63 రోజులు. మార్చి చివర్లో కట్టిస్తే పిల్లలు సరిగ్గా రోహిణి కార్తెలో పుడతాయి. నెల్లూరు, ఒంగోలు ఎండలకు మనమే తట్టుకోలేం. కరెంటు పోతే రేకుల షెడ్డులో పాలిచ్చే తల్లి గతేంటి? ఆ ఎద వదిలేయండి.

ఒక్క ఈతలో 8 పిల్లలు రావచ్చు. అన్నిటికీ మంచి ఇళ్లు ముందే మాట్లాడుకోండి. 2017 కేంద్ర నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లల్ని అమ్మకూడదు.

అర్ధరాత్రి పిలిస్తే వచ్చే పశువుల డాక్టర్ ఎవరో ఇప్పుడే కనుక్కోండి. నొప్పులు గట్టిగా వస్తూ అరగంట దాటినా పిల్ల బయటపడకపోతే తెల్లారేదాకా ఆగకూడదు.