సముద్రం పక్కనే రీఫ్ ట్యాంక్: మొదటి ఆర్నెల్ల తంటాలు, వాటి మరమ్మతు

మా ఇంటి నుంచి విశాఖ ఆర్కే బీచ్‌కి నడిచి వెళ్లినా ఇరవై నిమిషాలే. సముద్రపు చేపలు, కోరల్స్ (పగడాలు) పెంచే ఉప్పునీళ్ల ట్యాంకు, అంటే రీఫ్ ట్యాంక్, పెడుతున్నానని, దానికోసం బకెట్ ఉప్పు కొన్నానని చెబితే మావయ్య నవ్వాడు. "ఎదురుగా అంత సముద్రం పెట్టుకుని ఉప్పు కొనడమేంట్రా?" ఆ మాట నాకూ సబబుగానే తోచింది. ఉప్పు బకెట్ అటకెక్కింది. ఖాళీ క్యాన్లు స్కూటరెక్కాయి.

అప్పటి నుంచి నాకూ, నాలాగే ట్యాంకులు పెట్టిన నలుగురైదుగురు మిత్రులకూ వచ్చిన ఇబ్బందులు తవ్వుకుంటూ పోతే దాదాపు ప్రతిదీ నీళ్ల దగ్గరే తేలింది. అందుకని ఏ తేడా కనిపించినా మందు సీసా తీయకముందు మూడు చూడండి: వేడి 25-26 డిగ్రీలు ఉందా, ఉప్పు, అంటే సెలినిటీ, 35 పీపీటీ (వెయ్యి వంతుల నీళ్లలో 35 వంతుల ఉప్పు) ఉందా, అమ్మోనియా సున్నా ఉందా. కింద చెప్పే లెక్కలన్నీ 200 లీటర్ల ట్యాంకుకి.

బీచ్ నీళ్లు పోశాను, వారంలో ట్యాంకంతా పచ్చగా మారి వాసన వస్తోంది

ఊరి వానకాలవలు, మురుగు కాలవలు కలిసే చోటు నుంచి నీళ్లు తెచ్చి ఉంటారు. మన బీచ్ పొడవునా అలాంటి చోట్లు ఉన్నాయి. ఫిషింగ్ హార్బర్ వైపయితే డీజిల్ కూడా కలుస్తుంది. ఆ నీళ్లలో ఫాస్ఫేట్, నైట్రేట్ ఎక్కువ, అది నాచుకు పండగ. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. వర్షాకాలం చివర గంగ, గోదావరి లాంటి నదుల మంచినీళ్లు బంగాళాఖాతంలో పైపొరగా పరుచుకుంటాయి. అక్టోబరు, నవంబరుల్లో మన తీరంలో సెలినిటీ 30 కిందికి పడిపోవడం మామూలే. మేలో తెచ్చిన క్యాన్, నవంబరులో తెచ్చిన క్యాన్ ఒకే సముద్రానివే అయినా ఒకే నీళ్లు కావు.

ఆర్‌వో నీళ్లలో రీఫ్ సాల్ట్ (ట్యాంకుల కోసం అమ్మే ఆ బకెట్ ఉప్పే) కలుపుకోవడమే దీనికి మందు. 20 లీటర్లకు ముప్పావు కిలోకి కాస్త తక్కువ పడుతుంది. వేరే టబ్బులో చిన్న పంపు పెట్టి రాత్రంతా తిప్పి, మర్నాడు కొలిచి పోయండి. చేపలున్న ట్యాంకులో ఉప్పు నేరుగా వేయకూడదు. వంటింటి కల్లుప్పు అసలు పనికిరాదు, అందులో కోరల్‌కు కావలసిన కాల్షియం, మెగ్నీషియం ఉండవు.

ఇసుక విషయంలోనూ ఇదే పొరపాటు జరుగుతుంది. భీమిలి వైపు నల్ల ఇసుక చూడ్డానికి బాగుంటుంది గానీ అందులో ఇల్మెనైట్, గార్నెట్, మాగ్నటైట్ లాంటి బరువైన ఖనిజాలుంటాయి. మా మిత్రుడొకడు అదే వేశాడు. అద్దం తుడిచే అయస్కాంతం ఇసుకకు తగలగానే నల్ల రేణువులు దానికి అతుక్కున్నాయి. అది చూసుకోకుండా అద్దం మీద ఒక్కసారి రుద్దాడు. ఆ గీతలు ఇప్పటికీ ఉన్నాయి. అరగొనైట్ అనే తెల్ల సున్నపు ఇసుక కొనండి, ఖర్చయినా సరే.

నీళ్లు పాలలా తెల్లబడ్డాయి

ఇసుక కడగకుండా వేస్తే మొదటి రెండు రోజులు ఇలాగే ఉంటుంది, దానంతటదే దిగుతుంది. వారం తర్వాత తెల్లబడితే బాక్టీరియా విజృంభించినట్టు. మేత తగ్గించి, ఉపరితలం బాగా కదిలేలా గాలి పెట్టి వదిలేయండి. హీటరుకూ పంపుకూ సున్నంలా పెచ్చు కడితే మాత్రం ఆల్కలినిటీ (నీటి క్షారగుణం) పెంచే మందు ఎక్కువ పోశారు. ఆపేయండి.

పెట్టిన వారానికే చేపలు ఒక్కొక్కటిగా పోతున్నాయి

షాపులో నాకు చెప్పిన మాట మీకూ చెప్పే ఉంటారు. "ఇది గట్టి చేప సార్, ఏమీ కాదు, రేపే వేసేయండి." ఆ గట్టి చేపలు ఐదు రోజుల్లో పోయాయి.

చేప వ్యర్థం నుంచి, మిగిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. దాన్ని ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. రాళ్ల మీద, ఇసుకలో ఈ బాక్టీరియా నిలదొక్కుకోవడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పైగా ఉప్పునీళ్ల పీహెచ్ 8.1-8.3 దగ్గర ఉంటుంది కాబట్టి మంచినీళ్ల ట్యాంకులో తట్టుకునే అమ్మోనియా ఇక్కడ చంపేస్తుంది.

చేపలు ఇప్పటికే లోపల ఉంటే రోజూ పావు వంతు నీళ్లు మార్చండి, షాపులో దొరికే ఈ బాక్టీరియా సీసా పోయండి, మేత రోజు విడిచి రోజు చిటికెడు. ఇంకా వేయకపోతే అదృష్టవంతులు. రాళ్లు, ఇసుక, నీళ్లు పెట్టి, అమ్మోనియా 2 పీపీఎం (పది లక్షల వంతుల్లో 2) వచ్చేలా కలిపి వేచి ఉండండి. ఆ 2 పీపీఎం 24 గంటల్లో సున్నాకి దిగి, నైట్రైట్ కూడా సున్నా చూపిస్తే ట్యాంకు సిద్ధం. క్యాలెండరు చూసి చేపలు కొనకండి, టెస్ట్ కిట్ చూసి కొనండి. ఈ నెలన్నర ఖాళీ ట్యాంకు చూసి ఇంటికొచ్చినవాళ్లు వేళాకోళం చేస్తారు, చేయనివ్వండి.

మే నెలలో థర్మామీటరు 30 దాటుతోంది. ఫ్యాన్ పెట్టాక కోరల్స్ ముడుచుకుపోయాయి

విశాఖ రీఫ్ ట్యాంకుకి అసలు శత్రువు ఇదే. ఏ ఊళ్లోనైనా నీటి మీదకి చిన్న ఫ్యాన్లు పెట్టమంటారు. ఆవిరి లేస్తూ నీళ్లు చల్లబడతాయి. నిజమే, కానీ మన ఊళ్లో గాలి అప్పటికే తడిగా ఉంటుంది. మెడ మీద చెమటే ఆరనప్పుడు ట్యాంకు మాత్రం ఎంత ఆరుతుంది? పొడిగాలి వీచే రోజు రెండు మూడు డిగ్రీలు దించే ఫ్యాన్లు, ఉక్కపోత రోజు ఒక డిగ్రీ దించడానికే ఆపసోపాలు పడతాయి.

ఆ దించిన డిగ్రీకి కూడా మూల్యం ఉంది. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు అక్కడే ఉండిపోతుంది. రోజుకు 4 లీటర్లు ఆరే ట్యాంకుని మూడు రోజులు వదిలేసి అన్నవరం వెళ్లొచ్చారనుకోండి. 12 లీటర్లు పోయి, 35 ఉన్న సెలినిటీ 37 దాటుతుంది. మీరు రాగానే కంగారుగా ఒకేసారి బకెట్ కుమ్మరిస్తే మళ్లీ ఒక్కసారిగా 35కి పడుతుంది. కోరల్స్ ముడుచుకున్నది ఈ ఎగుడుదిగుళ్లకి.

ఆవిరైన చోట మంచినీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు. నేను మొదటి నెలంతా ఉప్పునీళ్లే పోశాను, ఎందుకు పెరుగుతోందా అని తల పట్టుకున్నాను. అద్దం మీద టేపుతో గీత పెట్టి రోజూ ఆ గీత దాకా ఆర్‌వో నీళ్లు పోయండి, లేదా ఫ్లోట్ స్విచ్‌తో నడిచి తగ్గిన నీళ్లు తనే నింపే ఆటో టాప్ ఆఫ్ పెట్టుకోండి. ఊళ్లు తిరిగేవాళ్లకి అది తప్పనిసరి. సెలినిటీ కొలిచే రిఫ్రాక్టోమీటరును 35 పీపీటీ ద్రావణంతో సరిచూసుకోండి. ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటరుకు చిన్న బుడగ అంటుకున్నా తప్పు చూపిస్తుంది.

ఇక వేడికి నా సలహా మొహమాటం లేకుండా: మన వాతావరణంలో కోరల్స్ పెంచాలంటే చిల్లర్ (నీళ్లను చల్లబరిచే యంత్రం) కావాలి, లేదా ఏసీ నడిచే గదిలో ట్యాంకు ఉండాలి. నాకు ట్యాంకు కంటే చిల్లరే ఖరీదైంది. ఆ డబ్బు ముందే పక్కన పెట్టలేకపోతే ఏడాది ఆగడం మంచిది. ఏసీ గదిని రోజంతా మూసి ఉంచితే మనం వదిలిన కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో కలిసి పీహెచ్ 7.8 దాకా దిగొచ్చు. రోజుకో గంట కిటికీ తీస్తే సర్దుకుంటుంది.

చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి

ఒక్క చేపే అలా చేస్తే జబ్బు. అన్నీ చేస్తే ఆక్సిజన్ తక్కువ లేదా అమ్మోనియా ఎక్కువ. ఉప్పునీళ్లలో మంచినీళ్ల కంటే ఐదో వంతు తక్కువ ఆక్సిజన్ కరుగుతుంది, వేడెక్కితే ఇంకా తక్కువ. వెంటనే పంపు మూతిని పైకి తిప్పి ఉపరితలాన్ని కదిలించండి.

కరెంటు పోయినప్పుడయితే బ్యాటరీ ఎయిర్ పంపు చాలు. రెండు కొని ఉంచండి. ఇన్వర్టరు ఉంటే తిప్పే పంపు ఒక్కటే దానికి తగిలించండి, లైట్లూ చిల్లరూ వద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్లో చాలా చోట్ల కరెంటు రోజుల తరబడి లేదు. అప్పుడు నాకు ట్యాంకు లేదు గానీ ఆ రోజులు గుర్తున్నాయి కాబట్టే తుపాను హెచ్చరిక రాగానే మేత ఆపేసి, 40 లీటర్ల ఉప్పునీళ్లు కలిపి ఉంచుతాను.

ఇసుక మీద గోధుమరంగు పొర

రెండో మూడో వారంలో పొడిలా, చేత్తో కదిపితే లేచిపోయేలా వస్తే అది డయాటమ్ అనే సన్నటి నాచు. ఎక్కువమందికి వస్తుంది. నత్తలు వేస్తే తింటాయి. నెల దాటినా పోకపోతే మీ ఆర్‌వో మెషీన్ని అనుమానించండి. ఇంటి మెషీన్లలో చాలావాటికి రుచి కోసం కొంత మామూలు నీటిని మళ్లీ కలిపే టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) కంట్రోలర్ ఉంటుంది. మా ఇంటి నీళ్లకి టీడీఎస్ మీటరు పెడితే 48 చూపించింది. తాగడానికి భేషు, రీఫ్‌కి కాదు. ఆ కంట్రోలర్ని పూర్తిగా మూయించి, చివర్లో మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెసిన్ గొట్టం బిగిస్తే సున్నాకి వచ్చింది, పొర కూడా పోయింది.

అదే గోధుమరంగు చీమిడిలా తీగలు సాగుతూ, బుడగలు పట్టుకుని, రాత్రి తగ్గి పగలు మళ్లీ వస్తే డైనోఫ్లాజెలేట్లు అనే సూక్ష్మజీవులు. వీటికి కారణం తలకిందులు: నీళ్లు మరీ శుభ్రమైపోయాయి. నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాకి దిగితే ఇవి రాజ్యమేలుతాయి. నీళ్లు మార్చడం ఆపి, మేత కాస్త పెంచి, నైట్రేట్ 5-10 పీపీఎం దగ్గరకు రానివ్వండి. ఎర్రటి దుప్పటిలా పరుచుకుంటే సయనోబాక్టీరియా. పైపుతో పీల్చేసి, అక్కడికి నీటి ఉరవడి తగిలేలా పంపు తిప్పండి.

చేప మీద రవ్వలాంటి తెల్ల చుక్కలు

ఇది మెరైన్ ఇక్, ఒక పరాన్నజీవి తెచ్చే జబ్బు. చుక్కలు వాటంతట అవే రాలిపోతాయి, మనం తగ్గిందనుకుంటాం. నిజానికి ఆ పరాన్నజీవి ఇసుకలోకి దిగి పిల్లల్ని పెట్టుకుంటోంది. కొన్ని రోజులకు రెట్టింపై వస్తుంది. రాగి మందు దీనికి పనిచేస్తుంది, కానీ రీఫ్ ట్యాంకులో పోస్తే రొయ్యలు, నత్తలు, కోరల్స్ అన్నీ పోతాయి, రాళ్లు కూడా రాగిని పీల్చుకుంటాయి. చేపలన్నిటినీ వేరే ట్యాంకులోకి తీసి అక్కడే మందు వాడాలి. అసలు ట్యాంకులో 76 రోజుల పాటు ఒక్క చేప కూడా ఉండకూడదన్నది రీఫ్ పెంచేవాళ్లు ఎక్కువగా పాటించే లెక్క. చుక్కలు మరీ సన్నగా, పసుపు పొడి చల్లినట్టుంటే వెల్వెట్ అనే ఇంకో జబ్బు, అది రోజుల్లోనే చంపుతుంది, ఆ రోజే మొదలుపెట్టండి.

కొత్త చేపను నాలుగు వారాలు విడిగా ఉంచాలని అందరికీ తెలుసు. నేనూ మూడో చేపకి మాత్రమే పాటించాను, మొదటి రెండూ పోయాక.

ఏం వేయాలి, ఏం వేయకూడదు

జంట క్లౌన్ ఫిష్, ఒక గోబీ, రెండు మూడు నత్తలు, ఒక క్లీనర్ రొయ్య. ఒక్కొక్క దానికీ మధ్య రెండు వారాలు. హేచరీలో పుట్టిన క్లౌన్ దొరికితే అదే తీసుకోండి, డబ్బా మేతకు ముందే అలవాటు పడి ఉంటుంది. డామ్సెల్ అనే చేప చవక, కానీ తర్వాత వచ్చే ప్రతి చేపనూ తరుముతుంది, పట్టి బయటికి తీయాలంటే రాళ్లన్నీ ఎత్తాలి. బ్లూ టాంగ్‌కి 200 లీటర్లు ఇరుకు. మాండరిన్ చేప అందంగా ఉండి ఆకలితో చచ్చిపోతుంది, దానికి కావలసిన సూక్ష్మజీవులు కొత్త ట్యాంకులో ఉండవు. పూవులా విచ్చుకునే సముద్రజీవి అనిమోన్‌కి ఏడాది ఆగండి.

కోరల్స్ సంగతి వేరు. మన సముద్రాల్లోని రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. ఏరినా, కొన్నా, ఇంట్లో ఉంచినా నేరమే. సముద్ర గుర్రాలకూ అదే రక్షణ. "లోకల్ పీస్ సార్, చవగ్గా ఇస్తాను" అంటే అక్కడి నుంచి వచ్చేయండి. రాళ్లు కూడా సముద్రంలోంచి తీసినవి కాకుండా డ్రై రాక్ అడగండి. మొదటి ట్యాంకుకి బిల్లుతో వచ్చే జోయాంథిడ్లు, మష్రూమ్ కోరల్ లాంటి మెత్తటి రకాలు చాలు. కొత్తది రెండు వారాలు అడుగున ఉంచి తర్వాత లైటుకి దగ్గరగా జరపండి. తెల్లబోతే లైటు ఎక్కువ లేదా వేడి ఎక్కువ. గోధుమరంగుకు తిరిగితే లైటు తక్కువ.

జోయాంథిడ్లను గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి. కొన్నిటిలో పాలిటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. అవి అంటిన రాయిని శుభ్రం చేద్దామని వేడినీళ్లలో ఉడికిస్తే ఆ ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలవుతారు.

తుడిచేటప్పుడు చేతికి జివ్వుమంటోంది

ముందు మెయిన్ ఆపండి. ఉప్పునీళ్లు వైరు వెంట పాకి ప్లగ్గులోకి దిగి ఉండొచ్చు, లేదా హీటరో పంపో పాడై ఉండొచ్చు. ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకెక్కేలా వదులుగా ఉంచితే నీటిబొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. ఎలక్ట్రీషియన్ని పిలిచి ఆ పాయింటుకి, కరెంటు లీకైతే తనే ఆపేసే ఆర్‌సీసీబీ పెట్టించండి. బోర్డును ట్యాంకు కింద కాకుండా పక్క గోడకి మార్చమనండి.