మాల్దీవులు, శ్రీలంక వార్త డెస్క్ మీదికొస్తే ఎలా రాయాలి

మాలెలో ఎన్నికలు జరిగినా, కొలంబోలో ప్రభుత్వం మారినా మన డెస్కుల్లో ముందు లేచే ప్రశ్న ఒక్కటే: గెలిచినాయన మనవైపా, చైనావైపా? అడగాల్సిన ప్రశ్నే. కాకపోతే దాని చోటు నాలుగో పేరా. ఇంట్రోలో పెట్టేస్తే అక్కడి ఓటరు ఎందుకలా ఓటేశాడో చెప్పడానికి జాగా మిగలదు. 2023 సెప్టెంబరులో మాల్దీవుల అధ్యక్ష ఎన్నికల్లో ముయిజ్జు గెలుపును, భారత సైన్యం వెళ్లిపోవాలన్న ‘ఇండియా అవుట్’ నినాదం ఖాతాలో వేసి ఊరుకుంటే సగం కథే చెప్పినట్టు. అప్పటి అధికార పార్టీ ఎండీపీ (మాల్దీవియన్ డెమొక్రటిక్ పార్టీ) చీలి, మాజీ అధ్యక్షుడు నషీద్ వర్గం డెమొక్రాట్స్ పేరుతో సొంత అభ్యర్థిని దింపింది. ముయిజ్జు అప్పటికి మాలె మేయరు, అంతకుముందు గృహనిర్మాణ మంత్రి. ఇరుకైన ఆ రాజధానిలో ఇళ్ల సమస్య ఎంత పెద్దదో తెలిస్తే ఆ రెండు పదవుల విలువ అర్థమవుతుంది.

వార్తా ఏజెన్సీ కాపీ రాగానే ముందు ఆ దేశపు అధ్యక్ష కార్యాలయం ప్రకటన తెరవండి. తర్వాత అక్కడి పత్రిక ఒకటి చూడండి. మన విదేశాంగ శాఖ బ్రీఫింగ్ ఆ తర్వాతే. వరస తిరగబడితే మనవాళ్ల వివరణే వార్తై కూర్చుంటుంది, అసలు ప్రకటన కింద ‘స్పందన’గా మిగులుతుంది. టైమ్ కూడా సరిచూసుకోవాలి: కొలంబో గడియారం మనదే, మాలె మాత్రం మనకంటే అరగంట వెనక.

ఎవరన్నారన్నది కర్తలో స్పష్టంగా ఉండాలి. 2024 జనవరిలో మోదీ లక్షద్వీప్ పర్యటనపై నోరు జారింది మాల్దీవుల ఉపమంత్రులు ముగ్గురు. అవి వారి సొంత అభిప్రాయాలని మాలె ప్రభుత్వం చెప్పి వారిని సస్పెండ్ చేసింది. ‘మోదీని అవమానించిన మాల్దీవులు’ అని హెడ్డింగ్ పెడితే ముగ్గురి మాట దేశం మొత్తానికి అంటుతుంది. సస్పెన్షన్ సంగతి ఆరో పేరాలో ఉన్నా లాభం లేదు, అంతదాకా చదివేవారు కొద్దిమందే.

ఆ గొడవ తర్వాత వచ్చిన పర్యాటకుల లెక్కలే అంకెలు ఎలా వాడకూడదో చెప్పే పాఠం. 2023లో మన దేశం నుంచి అక్కడికి 2 లక్షలకు పైగా వెళ్లారు, దేశాల జాబితాలో మనదే మొదటి స్థానం. 2024లో అది సుమారు 1.3 లక్షలకు పడిపోయింది. ఇంతవరకే రాస్తే ‘మాల్దీవులు విలవిల’ అన్న హెడ్డింగ్ తనంతట తానే వచ్చేస్తుంది. కానీ అదే ఏడాది అన్ని దేశాల నుంచీ వచ్చినవారు 20 లక్షలు దాటారు, అంటే 2023 కంటే ఎక్కువే. కాబట్టి మన వాటా పక్కన మొత్తం అంకె ఉండాల్సిందే. రెండూ దొరక్కపోతే ‘భారత పర్యాటకులు తగ్గారు’ అనే రాయండి, అక్కడితో ఆపండి.

‘భారత సైన్యం వెనక్కి’ అన్న మాటకూ అంకె కావాలి. మాల్దీవుల్లో ఉన్నది 90 మంది లోపే. రెండు హెలికాప్టర్లు, ఒక డోర్నియర్ విమానం నడిపేవారు. దూరపు దీవుల నుంచి రోగులను తరలించడం వాటి ప్రధానమైన పనుల్లో ఒకటి. 2024 మే 10 నాటికి వారి స్థానంలో మన పౌర సాంకేతిక సిబ్బంది వెళ్లారు. విమానాలు అక్కడే ఉన్నాయి. ఈ వివరం లేకపోతే పాఠకుడు పెద్ద సైనిక స్థావరమే ఖాళీ అయిందనుకుంటాడు.

శ్రీలంకలో అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతినేది జాలర్ల వార్త. ‘తమిళ జాలర్లను అరెస్టు చేసిన లంక నేవీ’ అని రెండు పేరాల్లో ముగించేస్తాం. అరెస్టు ఎక్కడ జరిగిందో లంక నేవీ చెప్పేది ఒకటి, జాలర్ల సంఘాలు చెప్పేది ఒకటి. ఎవరి మాటో చెబుతూ రెండూ రాయాలి. పడవ ఏ రకం, వల ఏ రకం అన్నది తప్పనిసరి. సముద్రపు అడుగును ఊడ్చుకుపోయే ట్రాలింగ్‌ను శ్రీలంక 2017లో చట్టంతో నిషేధించింది. తమిళనాడు నుంచి వెళ్లే ట్రాలర్ల కింద పడి తెగే వలలు జాఫ్నా, మన్నారు వైపు చిన్న జాలర్లవి, వారూ తమిళులే. ఈ ఒక్క వాక్యం చేరిస్తే ‘సింహళ నేవీ, తమిళ జాలరి’ అన్న చిత్రం మారిపోతుంది. శ్రీలంకకు దక్కిన కచ్చతీవు దీవి ప్రస్తావన తెస్తే 1974 ఒప్పందం అని సంవత్సరంతో సహా రాయండి. ప్రతి అరెస్టుకూ దాన్ని జోడించనక్కర్లేదు.

అప్పుల వార్తలో శ్రీలంక దక్షిణ తీరంలోని హంబన్‌టొట రేవు వచ్చిందంటే ‘చైనా అప్పుల ఉచ్చు’ అన్న ముక్క వెంటే వస్తుంది. 2017లో రేవును చైనా కంపెనీకి 99 ఏళ్ల లీజుకిచ్చి తెచ్చుకున్న 112 కోట్ల డాలర్లు విదేశీ మారక నిల్వల్లోకి వెళ్లాయి. రేవు అప్పు తీరిపోలేదు. 2022 ఏప్రిల్‌లో అప్పులు కట్టలేమని శ్రీలంక చేతులెత్తేసినప్పుడు విదేశీ అప్పుల్లో అంతర్జాతీయ బాండ్లదీ పెద్ద వాటానే. 2019 పన్ను కోతలు, కొవిడ్‌తో ఆగిన పర్యాటకం ఉండనే ఉన్నాయి. చైనా పాత్ర రాయండి, దాని వాటా మేరకే.

శ్రీలంకదీ రూపాయే అని మరచిపోవద్దు. ఉత్త ‘రూ.’ వేస్తే మనదనుకుంటారు. మన రూపాయికి వాళ్లవి మూడుకు పైగా వస్తాయి. ‘శ్రీలంక రూపాయలు’ అని రాసి, ఆ రోజు రేటుతో మన విలువ పక్కన ఇవ్వండి. మాల్దీవులది రుఫియా.

ఇక హెడ్డింగు. ‘దిగొచ్చిన’, ‘తోకముడిచిన’, ‘బుద్ధొచ్చిన’ లాంటి మాటలు పెద్ద దేశాల మీద మనం వాడం. 2024 అక్టోబరులో ముయిజ్జు ఢిల్లీ వచ్చినప్పుడు కుదిరిన 40 కోట్ల డాలర్ల కరెన్సీ మార్పిడి ఒప్పందానికి ‘దిగొచ్చిన ముయిజ్జు’ కంటే ‘మాల్దీవులకు 40 కోట్ల డాలర్ల ఊతం’ అన్నది అంతే పొట్టిగా, ఎక్కువ సమాచారంతో ఉంటుంది.