హ్యాండిల్ తిప్పితే లైటు మినుకుమంటోందా? పాత బండి వైరింగు, కోన్ సెట్ ఇంట్లోనే బాగుచేసుకోవడం ఎలా?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్ నగర్‌లో మా బావమరిది యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు సీటుదాకా మునిగింది. ఇంజిను మెకానిక్ బాగుచేశాడు, బండి నడిచింది. కానీ హ్యాండిల్ తిప్పినప్పుడల్లా హెడ్‌లైటు వెలిగి ఆరేది. హ్యాండిల్ సరిగ్గా మధ్యకి రాగానే ఎవరో పట్టుకున్నట్టు ఆగేది. ‘వైరింగ్ మొత్తం మార్చాల్సిందే సార్’ అన్నాడు మెకానిక్. మార్చలేదు. రెండు ఆదివారాలు కూర్చుంటే సరిపోయింది.

ఆ రెండు జబ్బులూ ఒక్కచోటే, కోన్ సెట్ దగ్గర కలుస్తాయి. కోన్ సెట్ అంటే హ్యాండిల్ తిరగడానికి స్టీరింగ్ మెడలో పైనా కిందా ఉండే కప్పులు, వాటిలోని ఇనుప బాల్స్. హెడ్‌లైటు ఎర్త్ వైరు తెగినా, తుప్పు పట్టినా కరెంటు ఫోర్కు మీదుగా, స్టీరింగ్ బాల్స్ మీదుగా ఛాసిస్‌కి దారి వెతుక్కుంటుంది. తుప్పూ పాత గ్రీసూ నిండిన ఆ దారి కాసేపు ఉంటుంది, కాసేపు ఉండదు. అందుకే ఈ రెండు పనులూ కలిపి పెట్టుకోండి. ఎలాగూ హెడ్‌లైటు విప్పక తప్పదు.

ముందు పరీక్ష, తర్వాతే స్పానర్

బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. మల్టీమీటరు ఓమ్స్‌లో పెట్టి, ఒక మొన హెడ్‌లైటు దగ్గరి ఎర్త్ వైరుకి, ఇంకొకటి ఛాసిస్ మీద రంగులేని బోల్టుకి ఆనించండి. దాదాపు సున్నా చూపించాలి. ఇప్పుడు హ్యాండిల్ అటూ ఇటూ తిప్పండి. అంకెలు ఎగిరి పడుతుంటే దొంగ దొరికినట్టే.

తర్వాత సెంటర్ స్టాండు వేసి, ఇంజిను కింద చెక్క పెట్టి ముందు చక్రం గాల్లోకి లేపండి. ఒక్క వేలితో హ్యాండిల్ తిప్పితే మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగితే కప్పుల్లో గుంటలు పడ్డాయి. ఫోర్కు కింది చివర్లు పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగితే టక్ టక్‌మంటే కోన్ సెట్‌ను పట్టి ఉంచే రింగ్ నట్టు వదులైంది. గుంటలు పడ్డ కోన్ సెట్‌ను బిగించి సర్దుకుందామనుకోవద్దు, ఇంకా పట్టేస్తుంది.

వైరింగు

విప్పేముందు ఫోనుతో ఫోటోలు తీయండి. నాలుగు కాదు, నలభై తీయండి. ప్రతి కనెక్టరుకీ టేపు చుట్టి నంబరు వేయండి. యమహాల్లో నలుపు ఎర్త్, ఎరుపు బ్యాటరీ పాజిటివ్, తాళం తిప్పాక కరెంటు వచ్చేది బ్రౌన్. అయితే ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996తోనే ఆగిపోయింది. ఇన్నేళ్ళలో ఎవరి చేయి పడిందో తెలియదు కాబట్టి రంగుని నమ్మకండి, మీటరుని నమ్మండి.

వైర్ల కొసల్లో ఒకదాన్లో ఒకటి గుచ్చుకునే బుల్లెట్ కనెక్టర్లు ఒక్కొక్కటే లాగి, ఆకుపచ్చ చిలుమును సన్నటి ఎమరీ పేపరుతో గీకి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి. ఛాసిస్‌కి ఎర్త్ బిగించే చోట రంగు గీకి, లోహం మెరిశాక బోల్టు బిగించి, పైన కాస్త గ్రీసు పూయండి. సగం జబ్బులు ఇక్కడే పోతాయి. మా బండిలో మార్చిన వైరు మొత్తం మూర కూడా లేదు.

స్టీరింగ్ పక్కన వంగే చోట మాత్రం ఓపిక కావాలి. పై తొడుగు బాగానే ఉంటుంది, లోపల రాగి తీగ తెగి ఉంటుంది. మీటరు బీప్ మోడ్‌లో పెట్టి వైరు వంచుతూ వినండి. తెగిన ముక్క కోసేసి అదే మందం ఆటో వైరు వేసి, టంకం పెట్టి, స్లీవ్ తొడగండి. అతుకు వంపులో పడకూడదు. హెడ్‌లైటు నుంచి ఛాసిస్‌కి విడిగా ఒక ఎర్త్ వైరు లాగితే ఇక బాల్స్ మీదుగా కరెంటు పోదు.

కోన్ సెట్

చక్రం, మడ్‌గార్డు, ఫోర్కు గొట్టాలు, హ్యాండిల్, పై ప్లేటు వరసగా తీయండి. కింద పాత దుప్పటి పరచండి, మరిచిపోతే బాల్స్ కోసం మంచం కింద పాకాల్సి వస్తుంది. కింది నుంచి ఒక చేత్తో పట్టుకుని, సి స్పానర్‌తో (కొక్కెంలా వంగిన స్పానర్) రింగ్ నట్టు విప్పండి. పై బాల్స్, కింది బాల్స్ విడివిడిగా లెక్కపెట్టి రాసుకోండి.

కప్పుల్ని లోపలి నుంచి పొడవాటి రాడ్‌తో, ఒకసారి ఇటు ఒకసారి అటు కొడుతూ దింపండి. పాతవి జేబులో వేసుకుని ఆటోనగర్ వెళ్ళి, పక్కన పెట్టి పోల్చి కొనండి. కొత్త కప్పులు గంటసేపు ఫ్రీజర్‌లో పెడితే తేలిగ్గా కూర్చుంటాయి. నేరుగా సుత్తితో కొట్టకుండా పైన చెక్క పెట్టండి. పూర్తిగా కూర్చున్నప్పుడు చప్పుడు మారుతుంది.

కప్పు నిండా గ్రీసు పూసి అందులో బాల్స్ గుచ్చండి. సగం బాల్ పట్టేంత ఖాళీ మిగలడం మామూలే, ఇంకొకటి ఇరికించకండి. రింగ్ నట్టు కాస్త గట్టిగా బిగించి, హ్యాండిల్ పదిసార్లు ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పి, వదులు చేసి, ఫోర్కు టక్ టక్‌మనే ఆట పోయేదాకా మాత్రమే మళ్ళీ బిగించండి. చక్రం ఎక్కించాక, గాల్లో ఉండగా హ్యాండిల్ మధ్యలోంచి వేలితో నెడితే తన బరువుకి తానే పక్కకి వాలిపోవాలి. పై ప్లేటు మీది నట్టు బిగిస్తే ఈ లెక్క మారుతుంది, మళ్ళీ చూసుకోండి.

ఇప్పుడు బ్యాటరీ కలపండి. నిండా ఛార్జున్న 12 వోల్టుల బ్యాటరీ 12.6 చూపించాలి, ఇంజిను కాస్త రేజ్ చేస్తే 13.5–14.5 మధ్య ఉండాలి. హ్యాండిల్ రెండు కొసలకీ తిప్పి చూడండి. వైర్లు బిగుసుకోకూడదు, ఇంజిను రేజ్ దానంతటది పెరగకూడదు. పెరిగితే యాక్సిలరేటర్ కేబుల్ ఎక్కడో ఇరుక్కుంది, దాన్ని సర్దాకే రోడ్డెక్కండి. 300 కిలోమీటర్లు తిరిగాక కొత్త కప్పులు సర్దుకుని నట్టు కొంచెం వదులవుతుంది, అప్పుడు ఇంకోసారి బిగించండి.