టీవీలో బొమ్మ అంచులు తెగిపోతున్నాయా? సరిచేసుకోండిలా

రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్‌ని టీవీకి తగిలించి కోడి (Kodi, సినిమాలు చూపించే సాఫ్ట్‌వేర్) తెరిచారు. పైన కుడి మూల 7:45 అని ఉండాల్సిన గడియారం 7:4 దగ్గరే ఆగిపోయింది. సబ్‌టైటిల్స్‌లో కింది వరుస సగమే కనబడుతోంది. కంప్యూటర్ పాడైందనో, కేబుల్ మార్చాలనో టెన్షన్ పడకండి. నూటికి తొంభైసార్లు ఇది టీవీ చేసే పనే. దీన్ని ఓవర్‌స్కాన్ అంటారు.

పిక్చర్ ట్యూబ్ రోజుల్లో బొమ్మ సైజు నిలకడగా ఉండేది కాదు. వోల్టేజీ అటూ ఇటూ అయినా, ట్యూబ్ పాతబడినా కాస్త పెరిగేది, కాస్త తగ్గేది. అంచుల్లో నల్ల గీతలు కనబడకూడదని బొమ్మను తెరకంటే కొంచెం పెద్దగా వేసి, మిగిలింది ఫ్రేమ్ చాటున దాచేసేవాళ్లు. ఇప్పటి ప్యానెళ్లకు ఆ అవసరమే లేదు, కానీ అలవాటు పోలేదు. చాలా టీవీలు హెచ్‌డీఎంఐలో వచ్చే బొమ్మను ఇప్పటికీ అంచులు కోసి, మిగతాదాన్ని సాగదీసి చూపిస్తాయి.

ముందుగా ఒక్క సంగతి తేల్చుకోండి. తెగుతున్నది మెనూనా, సినిమా ఒక్కటేనా? మెనూ నిండుగా కనబడుతూ సినిమా మాత్రమే తెగుతుంటే అది ఓవర్‌స్కాన్ కాదు, కోడిలో జూమ్ ఆన్ అయి ఉంటుంది. సినిమా నడుస్తుండగా వీడియో సెట్టింగ్స్ తెరిచి వ్యూ మోడ్‌ని నార్మల్‌కి మార్చండి. కీబోర్డ్‌లో జెడ్ మీద చెయ్యి పడినా ఈ మోడ్ మారిపోతుంది, కాబట్టి ఇంట్లో పిల్లలుంటే ముందు దీన్నే అనుమానించండి.

మెనూ కూడా తెగుతుంటే, కంప్యూటర్ జోలికి వెళ్లకుండా టీవీ రిమోట్ తీసుకోండి. చాలామంది ఇక్కడే తొందరపడతారు. నేనూ పడ్డాను. కోడిలోనే బొమ్మను కుదించేసి, పని అయిపోయిందనుకున్నాను. నెల రోజులపాటు అక్షరాలు ఎందుకు మసకగా ఉన్నాయో అర్థం కాలేదు.

లెక్క చూస్తే కారణం తెలుస్తుంది. టీవీ ఒక్కో అంచున రెండున్నర శాతం కోస్తుందనుకుందాం. 1920 చుక్కల (పిక్సెళ్ల) వెడల్పులో అటు 48, ఇటు 48 పోతాయి. 1080 ఎత్తులో పైన 27, కింద 27 పోతాయి. మిగిలిన 1824×1026 బొమ్మను టీవీ మళ్లీ 1920×1080కి సాగదీస్తుంది. మనం కోడిలో కుదిస్తే, ముందే చిన్నదైన బొమ్మను టీవీ మళ్లీ పెద్దది చేస్తుంది. అంచులైతే దక్కుతాయి, పదును పోతుంది. టీవీ కోయడం మానేస్తే రెండూ దక్కుతాయి.

టీవీలో పిక్చర్ సెట్టింగ్స్‌కి వెళ్లి బొమ్మ సైజుకి సంబంధించిన చోటు వెతకండి. ఒక్కో కంపెనీది ఒక్కో పేరు. ఎల్‌జీలో 'జస్ట్ స్కాన్', శాంసంగ్ పాత మోడళ్లలో 'స్క్రీన్ ఫిట్', కొత్తవాటిలో 'ఫిట్ టు స్క్రీన్'. సోనీలో డిస్‌ప్లే ఏరియా కింద 'ఫుల్ పిక్సెల్'. షార్ప్‌లో 'డాట్ బై డాట్', ఫిలిప్స్‌లో 'అన్‌స్కేల్డ్'. పానసోనిక్‌లో నేరుగా ఓవర్‌స్కాన్ అనే పేరుతోనే ఉంటుంది, దాన్ని ఆఫ్ చేస్తే చాలు. ఇవేవీ కనబడకపోతే ఆ హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ పేరుని 'పీసీ' అని మార్చి చూడండి. కొన్ని టీవీలు ఆ పేరు చూడగానే కోయడం మానేస్తాయి. ఈ సెట్టింగ్ సాధారణంగా ఆ ఒక్క పోర్ట్‌కే వర్తిస్తుంది. రేపు కేబుల్ తీసి పక్క పోర్ట్‌లో పెడితే కథ మొదటికొస్తుంది.

టీవీలో దారి దొరకనప్పుడే కంప్యూటర్‌కి రండి. కోడిలో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే లోపల 'వీడియో క్యాలిబ్రేషన్' ఉంటుంది. అది కనబడకపోతే, ఎడమవైపు కింద గేర్ గుర్తు దగ్గర సెట్టింగ్స్ స్థాయిని ఎక్స్‌పర్ట్‌కి పెంచండి. తెరవగానే పై ఎడమ మూల గుర్తు వస్తుంది. బాణం బటన్లతో ఆ గుర్తు మొత్తం కనబడేదాకా లోపలికి జరపండి. ఓకే నొక్కితే కింది కుడి మూల వస్తుంది, అక్కడా అంతే. తర్వాత సబ్‌టైటిల్స్ ఎత్తు, చివర్లో ఒక చతురస్రం వస్తాయి. ఆ చతురస్రాన్ని ముట్టుకోకండి. స్కేల్ పెట్టి కొలిచినప్పుడు నాలుగు వైపులా సమానంగా ఉంటే అది సరిగ్గానే ఉన్నట్టు.

కోడి లేకుండా విండోస్ మినీ పీసీ వాడేవాళ్లకు గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్‌లోనే ఈ పని అవుతుంది. ఏఎమ్‌డీలో 'హెచ్‌డీఎంఐ స్కేలింగ్' అనే స్లైడర్ ఉంటుంది. ఎన్‌విడియాలో డెస్క్‌టాప్ సైజు, పొజిషన్ మార్చే పేజీ ఉంటుంది.

రాస్ప్‌బెర్రీ పై పాత సిస్టమ్‌లలో ఇంకో చిక్కు ఎదురవుతుంది. టీవీ కోస్తుందన్న ముందుచూపుతో ఆ కంప్యూటర్ తనంతట తానే హెచ్‌డీ బొమ్మకు నాలుగు వైపులా 48 చుక్కల నల్ల అంచు వదిలేది. టీవీలో జస్ట్ స్కాన్ పెట్టగానే ఆ అంచు బయటపడుతుంది. తెగిన బొమ్మకు బదులు ఇప్పుడు చుట్టూ నల్ల చట్రం! దాని కాన్ఫిగ్ ఫైల్‌లో డిజేబుల్ ఓవర్‌స్కాన్ (disable_overscan) అనే లైన్ విలువను 1 చేసి రీబూట్ చేస్తే పోతుంది. కొత్త కేఎమ్‌ఎస్ డ్రైవర్ (బొమ్మను తెరకు పంపే సాఫ్ట్‌వేర్) నడుస్తుంటే ఆ లైన్ మార్చినా ఫలితం లేకపోవచ్చు, అప్పుడు దాంతో కుస్తీ పట్టకండి.

కోడిలో క్యాలిబ్రేషన్ చేసినవాళ్లు మరోటి చూసుకోవాలి. అక్కడ పెట్టిన కొలత ఒక్కో రిజల్యూషన్‌కి (బొమ్మలో ఎన్ని చుక్కలు), రిఫ్రెష్ రేట్‌కి (సెకనుకు బొమ్మ ఎన్నిసార్లు మారుతుంది) విడివిడిగా సేవ్ అవుతుంది. మెనూ 60 హెర్ట్జ్‌లో బాగానే కనబడుతుంది. సినిమా మొదలవగానే టీవీ 24కి మారిందంటే అంచులు మళ్లీ తెగుతాయి. అప్పుడు సినిమాని ఆపకుండానే క్యాలిబ్రేషన్ తెరిచి ఆ రేట్‌లోనూ మూలలు సరిచేయండి. 50లో నడిచే వీడియోలు మీ దగ్గరుంటే దానికోసం ఇంకోసారి.